చెవులపిల్లి మెచ్చిన పద్యం

పరువు పోవడంలో రకాలున్నాయి. కొందరిది చడీచప్పుడు లేకుండా పోతుంది. కొందరిది నలుగురి మధ్య పోతుంది. నాది మాత్రం మైకు పెట్టి, ఊరంతటికీ వినిపించి మరీ పోయింది. అదీ అత్తగారి ఊళ్లో! దీనికంతటికీ మూలం కుందేళ్లు. మీరు నవ్వుకున్నా నేనేమీ అనుకోను. నా భార్య సుజాత నాలుగేళ్లుగా నవ్వుతూనే ఉంది.

చల్లపల్లికి అవతల మా అత్తయ్యగారింటి వెనక పది సెంట్ల దొడ్డి ఉంది. నేను కాపురముండేది పటమటలో, మూడో అంతస్తులో. ఉద్యోగం బెంజ్ సర్కిల్ దగ్గర, కంప్యూటర్ ముందు. అలాంటి నాకు ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసేసరికి వ్యవసాయమంతా వచ్చేసిందనిపించింది. దొడ్లో గోరుచిక్కుడు, బెండ, తోటకూర వేశాను. శని, ఆదివారాలు వెళ్లి చూసుకునేవాణ్ని. "ఈ వేసవిలో మీ అందరికీ మందు కొట్టని కూరగాయలు నావి" అని ఆఫీసులో మాట కూడా ఇచ్చేశాను.

వేసవిలో కాలవలు కట్టేస్తారు కదా. ఇక మా మడులకు పక్క దొడ్డి వీరయ్యగారి బోరే దిక్కు. ఆయన సుజాతకు వరసకు బాబాయి, అంటే నాకు మావయ్య. రోజూ పొద్దున్నే అరగంట పైపు మా వైపు తిప్పేవారు. అది ఆగితే వారంలో తోట వరుగులైపోతుంది. అందుకు బదులుగా నేను చేయవలసిందల్లా ఆయన పాడే పద్యం వినడం. కుర్రతనంలో నాటకాలాడిన మనిషి. పద్యం చివర రాగం ఎత్తుకున్నారంటే అది ఎటు వెళుతుందో, ఎప్పుడు తిరిగొస్తుందో ఆయనకే తెలియదు. నేను కళ్లు మూసుకుని "వన్స్ మోర్!" అనేవాణ్ని. ఆ ఒక్క మాటకు మా మడుల్లో ఇంకో పది నిమిషాలు నీళ్లు పారేవి.

అంతా బాగుందనుకునేలోపు కుందేళ్లు దిగాయి. మా అత్తయ్యగారి మాటలో చెవులపిల్లులు. తెల్లారేసరికి గోరుచిక్కుడు లేత కొసలు కత్తితో కోసినట్టు ఏటవాలుగా తెగి ఉండేవి.

"చుట్టూ పాత చీరలు కట్టి చూడండి బాబూ," అన్నారు అత్తయ్యగారు.

కట్టాను. దొడ్డి పెళ్లిపందిరిలా తయారైంది. కుందేళ్లు కింద నుంచి దూరి విందుకొచ్చాయి.

"సెలూన్ నుంచి జుట్టు తెచ్చి గట్టున చల్లితే రావంటండీ."

చల్లాను. గాలి వీచింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో పెరుగన్నం ఎవరూ ముట్టలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు. నేను పట్టలేని కుందేళ్లకు నాలుగు కాళ్లూ ఉన్నాయి, పైగా దండిగా ఆకలీ ఉంది.

చివరికి నాకు మైకు తట్టింది. ఉల్లిపాయల ఆటో మీద పొద్దస్తమానం ఒకే కేక వేస్తూ తిరుగుతుందే, అదే. విజయవాడలో కొన్నాను. "ఎర్ర బటన్ నొక్కితే రికార్డవుద్దండీ. మళ్లీ నొక్కితేనే ఆగుద్ది. తర్వాత పచ్చది..." అని కొట్టతను మొదలుపెట్టాడు.

"నాకు తెలుసులేవయ్యా," అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం దొడ్లో నిలబడి ఎర్ర బటన్ నొక్కి, నిమిషం పాటు "హేయ్! హుష్! పోండి!" అని గొంతు చించుకున్నాను. సుజాత మజ్జిగ తెచ్చింది. తాగుతూ ఇద్దరం కాసేపు మాట్లాడుకున్నాం. తర్వాత మైకును పొడవాటి వెదురుగడ చివర కట్టి, పచ్చ బటన్ నొక్కి, గడను గట్టున పాతాను. "హేయ్! హుష్!" అన్న నా గొంతు మూడు చేల అవతలికి మోగింది. ఛాతీ ఉబ్బింది. అంతలో రోడ్డు మీద బస్సు హారన్ వినపడి ఇద్దరం పరుగెత్తాం.

బస్సు ఉయ్యూరు చేరుతుండగా అత్తయ్యగారి ఫోన్.

"బాబూ, మైకు బ్రహ్మాండంగా పనిచేస్తందండీ."

"చెవులపిల్లులు రాలేదుగా అత్తయ్యా?"

"అయ్యి రాలేదు గానీ జనం వచ్చారు. గట్టు మీద పదిహేను మంది దాకా కూచున్నారు."

"ఎందుకు?"

"మీరు గేదె సంగతి చెప్పేది మళ్లీ వస్తదంట. దానికోసం చూస్తన్నారు."

"గేదె సంగతి నేనెప్పుడు చెప్పాను?"

సుజాత నా మోచెయ్యి పట్టుకుంది. "ఏవండీ, రికార్డు ఆపారా?"

"ఆపడమని మళ్లీ వేరే ఉంటుందా?"

అలా అంటూ ఉండగానే "మళ్లీ నొక్కితేనే ఆగుద్ది" అన్న కొట్టతని మాట గుర్తొచ్చింది. మజ్జిగ తాగుతూ మేం మాట్లాడుకున్నది ఇదీ:

"బాబాయి పద్యం పాడుతుంటే కళ్లు తుడుచుకున్నారేంటండీ?"

"ఆవలింతకి నీళ్లొచ్చాయే. ఆయన రాగం తీస్తే గేదె తన దూడొచ్చిందేమోనని లేచి నిలబడుతోంది. నీళ్ల కోసం వన్స్ మోర్ అంటున్నా గానీ, వానలు పడనీ, ఆ గట్టెక్కితే ఒట్టు!"

"మెల్లగా! బాబాయి వింటాడు."

"ఎక్కడ వింటాడే?"

గోడలకు చెవులుంటాయని పెద్దలు చెప్పారు గానీ, వెదురుగడకు నోరుంటుందని ఎవరూ చెప్పలేదు.

"అత్తయ్యా, ఆపించండి!" అని బస్సులో అందరూ తిరిగి చూసేలా అరిచాను.

"ఎట్టా ఆపేది బాబూ? మీరు అంత ఎత్తున కట్టారాయె. అంత పొడుగు నిచ్చెన వీరయ్య దగ్గరే ఉంది. అడగమంటారా?"

ఉయ్యూరులో దిగి, ఎదురొచ్చిన బస్సెక్కి వెనక్కి వెళ్లాం. నిచ్చెన అడగాల్సిన అవసరం రాలేదు. మావయ్యగారే ఎక్కి మైకు దించి, ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నారు.

"మావయ్యగారూ, అదీ..."

"మీరేం చెప్పమాకండి అల్లుడుగారూ. ఏడుసార్లు విన్నా." నవ్వుతూనే అన్నారు గానీ మైకు మీది దుమ్ము తుడుస్తూ తలెత్తలేదు. నాకు నిజంగానే సిగ్గేసింది. "గేదె సంగతి మీరు చెప్పారు. చెవులపిల్లి సంగతి చూద్దాం. మీ అరుపులు తీసేసి నా పద్యం పెట్టా. పద్యం ఇనలేక అయ్యి పారిపోతే మీ మాటే నిజం. ఇంక జన్మలో పద్యం పాడను, ఈ పైపు మీ వైపు తిప్పను. వచ్చి, ఇని, నాలుగాకులు తినిపోతే వానలు పడేదాకా నీళ్లు మీయి."

ఆఫీసుకు వారం సెలవు చెప్పి ఉండిపోయాను. సోమవారం వెలుగు రాకముందే గడ మీద పద్యం మొదలైంది. వెలుతురు రాగానే దొడ్లోకి పరుగెత్తాను. ఒక్క ఆకు కొరికి లేదు. ఒక్కటంటే ఒక్కటి! పచ్చగా నిగనిగలాడుతున్న తోటను చూసి గుండె బాదుకున్న రైతును మీరెక్కడా చూసి ఉండరు.

మావయ్యగారు వచ్చే వేళయింది. గబగబా నాలుగు కొసలు గోటితో గిల్లాను. గిల్లినట్టే ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సేద్యం చేస్తున్న మనిషి, ఇట్టే పట్టేస్తారు. ఏటవాలుగా తెగాలంటే ఒకటే దారి. అటూ ఇటూ చూసి, మోకాళ్ల మీద వంగి, పళ్లతో కొరికాను. రుచి ఎలా ఉందని అడక్కండి.

"బాబూ!" వెనక అత్తయ్యగారు, చేతిలో నీళ్ల చెంబు. "ఇడ్లీ పొయ్యి మీదుందండీ. అయిదు నిమిషాలు ఆగలేకపోయారా?"

నోట్లో ఆకు పెట్టుకుని ఏం చెబుతాను? ఇంతలో మావయ్యగారు వచ్చి మొక్కల మీదికి వంగారు.

"చూశారా అల్లుడుగారూ! వచ్చినయ్యి! ఇన్నయ్యి!"

"రసికులండీ," అన్నాను, పళ్లు కనపడకుండా.

పైపు మా వైపు తిరిగింది. ఆ వారమంతా ఆయన రోజుకో పద్యం పెంచారు, నేను రోజుకో వరస కొరికాను. కంచే చేను మేసిందంటారు. మా దొడ్లో ఒక్క కుందేలూ అడుగుపెట్టలేదు, కాపలా కాసిన అల్లుడే మేశాడు.

శనివారం పైపు తిప్పుతూ, నా వైపు చూడకుండా అన్నారాయన: "పచ్చి గోరుచిక్కుడు కడుపులో గ్యాసండీ అల్లుడుగారూ. రేపట్నుంచి తోటకూర వైపు మేయండి."

"ఎప్పుడు తెలిసింది మావయ్యగారూ?"

"సోమవారమే. చెవులపిల్లి వస్తే అడుగులుంటయ్యి. అక్కడ మోకాళ్ల గుర్తులున్నాయి."

"మరి నీళ్లెందుకిచ్చారు?"

"నా పద్యం పరువు నిలబెట్టటానికి ఆకులు తిన్న మనిషి మా నాటకాల జట్టులో కూడా లేడండీ!" అని, నా సమాధానం కోసం ఆగకుండా రాగం ఎత్తుకున్నారు.

ఆ బోరు నీళ్లు దోసిట్లో పట్టి, తూర్పు తిరిగి, ఆ క్షణాన ఒట్టేశాను. ఇక ఈ జన్మలో ఎవరి పద్యాన్నీ చాటున వెక్కిరించను. ఎవరి దొడ్లోనైనా సరే, ఉప్పూ కారం వేయకుండా ఏదీ తినను.