మా ఇద్దరి ఉపవాసాలు

నాట్లు వేయించిన రోజు సాయంత్రం మెట్టెలు వేళ్లకు బిగుసుకుపోయి ఊడిరాలేదు. పొద్దంతా బురదలో నిలబడ్డాను కదా, అందుకే అనుకున్నాను. కొన్నాళ్లకు ముఖం కూడా ఉబ్బింది. కొడవలూరు నుంచి నెల్లూరు వెళితే, క్రియాటినిన్ రిపోర్టు చూసిన డాక్టరుగారు "రెండు కిడ్నీలూ పోయినాయమ్మా, డయాలసిస్ పెట్టాల్సిందే" అన్నారు.

అప్పటినుంచి బస్సు, సూది, మంచం. ఇంటికొచ్చాక చెయ్యి ఎత్తాలన్నా ఓపిక ఉండదు. ఆస్పత్రిలో నా పక్క మంచం మస్తాన్‌బీది. వాళ్లింట్లో పరుపులు కుడతారు. ఆమె కిడ్నీలను షుగరు తినేసింది.

కార్తీకమాసం వచ్చింది. పెళ్లయినప్పటినుంచీ సోమవారాలు మానలేదు. ఇప్పుడు మానితే ఇంకేం మిగిలింది అనిపించింది. పగలంతా పస్తుండి, చుక్క చూశాక, శివుడికి పెట్టిన అరటిపళ్లు తిని కొబ్బరినీళ్లు తాగాను. తెల్లారేసరికి కాళ్లు లేవలేదు. ఈసీజీ తీయించిన డాక్టరుగారు "ఆ రెండింట్లోనూ పొటాషియమే. కిడ్నీలు పోయినాక అది ఒంట్లోనే ఉండిపోతుంది. ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగిపోయుండేది" అని కసురుకున్నారు.

మస్తాన్‌బీ అంతా విని, "జబ్బుమనిషికి రోజా ఉపవాసం లేదక్కా మాకు. బదులుగా పేదోళ్లకి అన్నం పెడితే చాలు. మీ శివుడు ఆ మాత్రం వదిలిపెట్టడా?" అంది. నాకు ఒళ్లు మండింది. మా దేవుడి సంగతి ఈమెకెందుకని అటు తిరిగి పడుకున్నాను. కానీ ఆ ప్రశ్న నాతో ఇంటిదాకా వచ్చింది. గుడి పూజారిగారిని అడిగితే, రోగులకు ఉపవాసం లేదమ్మా, దండం పెట్టుకుని అన్నం తిను అన్నారు. ఇన్నేళ్లలో నేను అడగనే లేదు.

రంజాన్‌లో ఒకరోజు మస్తాన్‌బీ ఒళ్లంతా చెమటలతో వచ్చింది. సిస్టరు చూస్తే షుగరు బాగా పడిపోయింది. రోజా ఉందట. నాకు చెప్పిన మనిషే. కోపం, ఏడుపు రెండూ వచ్చాయి.

"మరి మీ అల్లా నిన్ను మటుకు వదిలిపెట్టడా?" అన్నాను.

గ్లూకోజు ఎక్కుతుంటే నా వైపు తిరిగింది. "తెల్లారకముందే అందరూ సహరీ తినేదానికి లేస్తారక్కా. నేనొక్కదాన్నే పండుకోనుంటే, అప్పుడే నేను పోయినట్టుండాది" అంది.

నా సోమవారాలూ అంతే. ఆ సంగతి పూజారిగారితో కూడా చెప్పుకోలేదు, ఆమెతో చెప్పాను.

ఇప్పటికీ అవే మంచాల మీద ఉన్నాం. అలసట పోలేదు, పోదు కూడా. నేను దీపం పెట్టి అన్నం తింటున్నాను. ఆమె సహరీకి లేచి అందరికీ వడ్డిస్తోంది, రోజా మటుకు ఉండటంలేదు. కార్తీక సోమవారాల్లో మధ్యాహ్నం ఆమె ఫోన్ చేస్తుంది, రంజాన్ నెలంతా నేను చేస్తాను.

నాలాంటివాళ్లకు చెప్పేదొకటే. ఉపవాసం పట్టేముందు డాక్టరుగారిని అడగండి, పూజారినో మసీదులో హజ్రత్‌నో కూడా అడగండి. ఆ తర్వాత, తిన్నావా అని అడగడానికి ఒక మనిషిని పెట్టుకోండి. మా ఇంట్లోవాళ్లకైతే తిన్నానని అబద్ధం చెప్పగలను. మస్తాన్‌బీకి చెప్పలేను.