రాతికి పట్టని జిగురు

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది గానీ, దాన్ని ఆమె కూడా సంతకం పెట్టేటప్పుడే గుర్తు చేసుకుంటుంది. ఎరిగినవాళ్ళందరికీ ఆమె జిగురక్క. పెళ్ళైన కొత్తలో ఒక అద్దాల దుకాణంలో చేరి పన్నెండేళ్ళు చేపల తొట్లు అతికించింది. ఆమె అతికించిన తొట్టి ఒక్కటి కూడా కారి వెనక్కి రాలేదని ఆ దుకాణం యజమాని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆయన చెప్పుకునే గొప్పల్లో నిజమైనది అదొక్కటే. తొట్ల బేరాలు తగ్గాక ఆమె జిగురు తుపాకీ సంచిలో వేసుకుని ఇళ్ళ పనుల్లోకి దిగింది. స్నానాల గదులు, సింకులు, కిటికీలు, ఎక్కడ నీళ్ళు కారితే అక్కడ ఆమె. మనిషి పొట్టి, మాట గట్టి. మోకాళ్ళు మాత్రం ఈ మధ్య ఆమె మాట వినడం లేదు.

అలాంటి మనిషిని ఒక షవరు మూల మూడుసార్లు ఓడించింది.

అది ఒక టైలరు దుకాణం మీది ఇల్లు. ఆ ఇంటి పెద్దాయన నలభై ఏళ్ళు రాళ్ళు కోసి, నున్నగా అరగదీసి, ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో పరిచాడు. పని మానేసేముందు తన ఇంట్లో షవరు మూలకి రెండు వైపులా నల్లటి రాతి పలకలు తన చేత్తోనే పెట్టుకున్నాడు. మూడో వైపు అద్దం, కింద తెల్లటి ప్లాస్టిక్ ట్రే. నిరుడు జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది, వాకరు చేతికొచ్చింది. అప్పటినుంచి ఆయన ఏ పని చేసుకోవాలన్నా పక్కన ఇంకొకరి చెయ్యి ఉండాల్సిందే. స్నానం ఒక్కటే మినహాయింపు. తలుపు దగ్గరగా వేసుకుని, ట్రేలో స్టూలు మీద కూర్చుని, తన ఒళ్ళు తాను రుద్దుకుంటాడు.

ఆ ట్రేకీ రాతికీ మధ్యనున్న సందులో వేసిన జిగురు మాత్రం నెల తిరక్కుండా ఊడిపోతోంది. నీళ్ళు ఆ సందులోంచి దిగి, కింద టైలరు కత్తిరించి పెట్టుకున్న గుడ్డల మీద పడుతున్నాయి. మొదటిసారి టైలరు నవ్వి ఊరుకున్నాడు. రెండోసారి మెట్లెక్కి వచ్చాడు. మూడోసారి తడిసిన కోటు గుడ్డ తెచ్చి, మాటా పలుకూ లేకుండా వీళ్ళ గుమ్మానికే ఆరేసి పోయాడు.

జిగురక్క చేతనైనవన్నీ చేసింది. మొదట మామూలు జిగురు వేసింది. అది ఊడాక, రాతికి పడదని తేల్చుకుని, పుల్లటి వాసన రాని ఖరీదైన రకం తెచ్చింది. అదీ ఊడాక, తడి ఆరలేదేమోనని రెండు రోజులు ఫ్యాను పెట్టించి మరీ వేసింది. అదీ ఊడింది. చేపలు ఈదిన తొట్లు నిలిచాయి గానీ, ఒక ముసలాయన పోసుకునే రెండు బకెట్ల నీళ్ళు నిలవడం లేదు. ఆమెకు ఏడుపొకటే తక్కువ.

నాలుగోసారి ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే ఇంటి కోడలు ఎదురొచ్చింది.

"అక్కా, నీ మీద నాకేం కోపం లేదు. కానీ ఇదే ఆఖరు. మళ్ళీ కారితే ఆ మూల మూయించేస్తాం. మామయ్యగారికి మంచం మీదే ఒళ్ళు తుడిచేస్తాను."

ముందు గదిలో పేపరు తిప్పుతున్న పెద్దాయన చెయ్యి ఆగిపోయింది. జిగురక్క అది చూసీ చూడనట్టు సంచి పట్టుకుని లోపలికి నడిచింది.

ఆమె మోకాళ్ళ కింద గోనెపట్టా వేసుకుని కూర్చుంది. పాత జిగురు కొస కత్తితో లేపి లాగితే, మూరెడు పట్టీ ఒక్క లాగుడుకే చేతికి వచ్చేసింది. ఇంత సులువుగా వస్తుందా అని ఆమె దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. ట్రేని అంటుకున్న వైపు ప్లాస్టిక్ మీది గీతలు అచ్చుపడ్డాయి. రాతిని అంటుకున్న వైపు మాత్రం అద్దంలా నున్నగా ఉంది, ఒక్క రాతి నలుసు లేదు. అంటే అది ఊడిపోలేదు, అసలు అంటుకోనేలేదు. అద్దం దగ్గర వేసిన జిగురు కత్తి పెట్టినా కదలడం లేదు. పట్టీని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏదో నూనె వాసన. వేళ్ళతో నాలుగు నీటి చుక్కలు రాతి మీద చిలకరించింది. అవి గుండ్రంగా ముడుచుకుని జర్రున జారిపోయాయి. రాయి ఒక్క చుక్కయినా పీల్చుకోలేదు.

వెనక వాకరు చప్పుడైంది. పెద్దాయన గుమ్మంలో నిలబడి తన రాతి వంక మురిపెంగా చూస్తున్నాడు.

"బాబాయిగారూ, ఈ రాతికి ఏమైనా రాస్తున్నారా?"

"రాయకుండా ఎలా ఉంటానమ్మాయ్! స్నానం కాగానే అవిసె నూనె ఒక పట్టు పట్టిస్తా. ఎండిపోయి తెల్లబారిన రాయి చూస్తే నాకు అన్నం సయించదు. నువ్వొస్తున్నావని నిన్న రెండు పట్లు వేశా. పని తెలిసిన మనిషి చూసే రాయి నీటుగా ఉండాలిగా. నువ్వొచ్చిన ప్రతిసారీ అంతే!"

జిగురక్కకు నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. తనకి మర్యాద చెయ్యబోయి ఆ మహానుభావుడు తన పరువు మూడుసార్లు తీశాడు. కోడల్ని పిలిచి ఒక్క మాట చెబితే చాలు, తప్పు తనది కాదని తేలిపోతుంది. నాలుక చివరదాకా వచ్చింది ఆ మాట. కానీ ఆయన మొహం చూసింది. నున్నటి పట్టీనీ, రాతి మీద నిలవని చుక్కల్నీ ఆయన కూడా చూస్తున్నాడు. నలభై ఏళ్ళు రాతితో బతికిన మనిషికి విడమరిచి చెప్పాల్సిన పనేముంది?

"అయితే... కారేది నా వల్లేనా?"

"ఈ సంగతి నేనెవరికీ చెప్పను బాబాయిగారూ. మీరు నూనె మానెయ్యండి చాలు."

ఆయన వంటింటి వైపు తిరిగి గట్టిగా కేకేశాడు.

"అమ్మాయ్, ఇలా రా! ఈవిడ పనిలో లోపం లేదు. ఇన్నాళ్ళూ జిగురు ఊడగొట్టింది నేనే. రాతికి నూనె పూస్తున్నా."

కోడలు చేతిలో గరిటెతోనే వచ్చి నిలబడింది. మామగారి వంక, రాతి వంక, జిగురక్క వంక చూసింది. ఆయన తిట్లకి సిద్ధపడి తల వంచుకున్నాడు.

"నూనె ఇన్ని సీసాలు ఎలా అయిపోతోందో నాకిప్పుడు అర్థమైంది," అంది కోడలు. "అడిగితే చెప్పొచ్చుగా మామయ్యగారూ! అది నేను మీకు మోకాళ్ళకి రాసుకోమని కొనేది."

ముగ్గురికీ నవ్వు ఆగలేదు. నవ్వు అయ్యాక అసలు చిక్కు మిగిలింది. రాతిలోకి ఇంకిన నూనె పైపైన తుడిస్తే పోదు. దాన్ని బయటికి లాగడం జిగురక్కకు తెలియదు, పెద్దాయనకు తెలుసు. సుద్దపొడిని థిన్నరుతో ముద్ద చేసి పట్టించి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి వదిలేస్తే, నూనె ఆ సుద్దలోకి వచ్చేస్తుందట. ఒక్కసారితో తేలదు, మూడు నాలుగు సార్లు చెయ్యాలి. ఆ తర్వాత రాయి బాగా ఆరాలి. అంతా కలిపి తొమ్మిది రోజులు, ఆపైన జిగురు ఆరడానికి రెండు రోజులు.

"పదకొండు రోజులు స్నానం ఉండదు బాబాయిగారూ," అంది జిగురక్క నెమ్మదిగా.

పెద్దాయన వాకరు పిడిని గట్టిగా పట్టుకున్నాడు. "నువ్వే తుడువమ్మా," అన్నాడు కోడలితో. "పదకొండు రోజులేగా."

ఆ మాట అనడానికి ఆయన ఎంత దిగమింగుకున్నాడో జిగురక్కకు తెలుసు. ఇంటికి వెళ్ళాక కూడా అది ఆమెను వదల్లేదు.

ఆ తొమ్మిది రోజుల్లో ఆయన కిటికీలన్నీ తెరిపించి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, కుర్చీలో కూర్చునే సుద్ద పట్టించాడు, గీకాడు, మళ్ళీ పట్టించాడు. పదో రోజు జిగురక్క వచ్చి రాతి మీద చుక్క వేసింది. అది జారలేదు. రాయి అక్కడికక్కడే మరింత నల్లబడి నీటిని పీల్చేసుకుంది. తడిపిన ఆ చోటు ఆరేదాకా ఆగి, ఆమె పని మొదలుపెట్టింది. మనిషి కూర్చుంటే ట్రే వెంట్రుకవాసి దిగుతుంది కాబట్టి, అంత బరువు ముందే పెట్టి జిగురు వెయ్యాలి.

"మీ బరువెంత బాబాయిగారూ?"

"అరవై."

"మామయ్యగారూ!" అంది కోడలు.

"సరే, అరవై ఎనిమిది."

ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు మూడు, ఎనిమిది లీటర్ల చిన్న బకెట్టు ఒకటి నింపి ట్రేలో పెట్టారు. జిగురక్క సందుకి అటూ ఇటూ టేపు వేసి, ఊపిరి బిగబట్టి జిగురు పోసి, సబ్బునీళ్ళలో ముంచిన వేలితో ఒక్క దూకుడులో నున్నగా లాగింది. ఎవర్నీ రెండు రోజులు ఆ గుమ్మం తొక్కనివ్వలేదు.

మూడో రోజు పొద్దున్న, ఎందుకైనా మంచిదని తుపాకీ చేత పట్టుకుని జిగురక్క వచ్చి నిలబడింది. పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళాడు. కింద టైలరు బల్ల ఎక్కి, టార్చి వేసి కప్పుకేసి చూస్తూ నిలబడ్డాడు. షవరు చప్పుడు మొదలైంది. పావుగంట గడిచింది. మెట్ల మీద నిలబడ్డ కోడలు కిందికి వంగి చూస్తే, టైలరు అడ్డంగా తల ఊపి, పొడి అరచెయ్యి ఎత్తి చూపించాడు.

లోపల నీళ్ళు ఆగిపోయాయి.

"కారుతోందా అమ్మా?" పెద్దాయన గొంతు భయం భయంగా వచ్చింది.

"లేదు మామయ్యగారూ. ఒక్క చుక్క కూడా లేదు."

షవరు మళ్ళీ మొదలైంది, ఈసారి ఇంకా జోరుగా.

"అయితే తల కూడా రుద్దుకుంటా," అన్నాడు లోపలినుంచి. "నాకోసం ఎవరూ కాచుకోనక్కర్లేదు, వెళ్ళండి."

కోడలు కొంగుతో కళ్ళు ఒత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. జిగురక్క తుపాకీ సంచిలో వేసుకుని మెట్లు దిగింది.