పదకొండు పెయిన్ల భీమ్లా

దవాఖానాకొచ్చి ‘పెయిన్’ అన్న మనిషిని, అది ఏం పెయినో తేల్చకుండా లోపలికి పంపితే అటెండర్ భీమ్లాకు ఆ పూట అన్నం సయించదు.

డాక్టర్ పద్మప్రియ సత్తుపల్లి నుంచి ఈ అడవి అంచు ఊరికి వచ్చి నెల కాలేదు. మొదటిరోజే గమనించింది, ఇక్కడ ఎవరికీ నొప్పి లేదు, అందరికీ పెయినే. కాలు బెణికినా పెయినే, కడుపు ఉబ్బినా పెయినే. ఒకప్పుడు పనిచేసిన డాక్టరుకు తెలుగు రాదట. పాపం, ఆయన కోసం చుట్టుపక్కల తండాలన్నీ కష్టపడి ఆ ఒక్క మాటా నేర్చుకున్నాయి. ఆయన బదిలీ అయిపోయాడు, మాటకు మాత్రం బదిలీ కాలేదు.

భీమ్లా లెక్కన పెయిన్లు పదకొండు. వరసలో ఉన్నవాళ్ల ముందు చేతులు కట్టుకుని అప్పజెప్పేవాడు. గుంజుడా, సలుపుడా, పోటా, మంటా, తిమ్మిరా, మెలిపెట్టుడా... అలా పోయి పోయి, పదకొండోది ఇంట్లోవాళ్లు పెట్టే పెయిన్. దానికి గోలీ లేదు గనక బల్ల మీద కూర్చోబెట్టి, చాయ్ తాగించి, అంతా విని పంపేవాడు. లాలు అనే రైతు, అల్లుడి పుణ్యమా అని, వారానికి మూడు చాయ్‌లు తాగుతున్నాడు.

ఈ విచారణతో వరస గేటు దాటేది. సోమవారం పద్మప్రియకు ఓపిక నశించింది. రేపట్నుంచి ఎవర్నీ ఏమీ అడగొద్దని, అడిగితే వేరే ఊరికి పంపమని పైకి రాస్తానని చెప్పింది. ఇంకా రెండేళ్లే సర్వీసున్న భీమ్లా ‘అవ్ మేడం’ అన్నాడు.

మంగళవారం ఎనభైమంది పెయిన్ అన్నారు. పన్నెండు గంటల లోపే అయిపోయారు. పద్మప్రియకు ప్రాణం లేచొచ్చింది. అందరిలో చివరగా గోరి అనే ముసలావిడ పొట్టపైన చెయ్యి పెట్టి పెయిన్ అంటే, గ్యాసు మందు రాసిచ్చింది.

అయిదు నిమిషాలకు భీమ్లా గోరిని పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“అడగొద్దన్నరు మేడం. అడిగిన. రాసేదుంటే రాయుండ్రి. ఈమెది నా పదకొండుల లేదు. రోకలి పెట్టి అదిమినట్టున్నదట, ఎడమ చెయ్యి బరువెక్కుతున్నదట.”

పద్మప్రియ లేచిన ఊపుకు కుర్చీ పడింది. ఈసీజీ తీసి చూస్తే గుండెపోటు. గోరికి మందు వేసి, అంబులెన్సులో భద్రాచలం పెద్ద దవాఖానాకు పంపేదాకా ఆమె మళ్లీ కూర్చోలేదు.

“అసలెందుకడుగుతారండీ ఇవన్నీ?” అంది తర్వాత, మెల్లగా.

“మీ ముందుకొస్తే వాళ్లకు భయమైతది మేడం. ఏం చెప్పాల్నో తెల్వక పెయిన్ అంటరు. నేను వరసగ చెప్తుంటే తలూపితే చాలు గదా.”

పదిరోజులకు గోరి నడిచొచ్చింది. ఈలోగా పద్మప్రియ పెయిన్ల పట్టికను పెద్ద అక్షరాలతో రాయించి గోడకు పెట్టించింది. పన్నెండోది రోకలి.

ఆ రోజు ఉదయం నుంచి పద్మప్రియకు వాళ్లమ్మ, తను వద్దన్న పెళ్లి సంబంధం గురించే నాలుగుసార్లు ఫోన్ చేసింది. పద్మప్రియ తల పట్టుకుని బయటికొచ్చి ‘పెయిన్’ అంది. భీమ్లా చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు. పదకొండో దానికి ఆమె తలూపింది.

భీమ్లా చాయ్ తేవడానికి వెళ్లాడు. లాలు బల్ల మీద కొంచెం జరిగి చోటిచ్చాడు.