అమ్మ పాటల డబ్బాకు మళ్ళీ కరెంటు

మా చిన్నప్పుడు పరకాలలో మా ఇంట్లో రేడియో ఉండేది కానీ కరెంటు లేదు... ఇటుకంత బ్యాటరీతో నడిచేది. అది అయిపోతే మళ్ళీ వరంగల్ పోయి తేవాలి. అందుకే మా నాన్న, అదే మా బాపు, వార్తలు వినగానే కట్టేసేవాడు.

మా అమ్మ గడప దగ్గర కూర్చుని బీడీలు చుట్టేది. వార్తల తర్వాత పాట మొదలయ్యేది... పల్లవి అయ్యేలోపే బాపు చెయ్యి మీట మీద పడేది. మిగతా పాట అమ్మే సన్నగా పాడుకుంటూ ఆకు కత్తిరించేది.

తర్వాత మా వాడకు కరెంటు వచ్చింది. బాపు ఒక ఇనుప డబ్బా తెచ్చాడు. ఎలిమినేటర్ అనేవాళ్ళం. దాన్ని ప్లగ్గులో పెడితే రేడియోకు ఇక బ్యాటరీ అక్కర్లేదు. ఆ రోజు బాపు అమ్మతో, "ఇగ నువ్వే పెట్టుకో, నువ్వే బంజేసుకో" అన్నాడు.

అబ్బ, అమ్మ మొహం చూడాలి! పొద్దంతా పాటలే... పొగాకు వాసనలో, ఎండ నీడల్లో, కలలో తేలినట్టు ఉండేది.

అమ్మ పోయాక ఆ రేడియో, డబ్బా రెండూ అటకెక్కాయి. మొన్న దించి మా చిన్నబిడ్డ సునీతకు ఇచ్చాను. మడికొండలో ఇన్వర్టర్లు బాగుచేసే షాపు తనది. నేను ఆత్రంగా ప్లగ్గు పెట్టబోతే చెయ్యి పట్టుకుని, మధ్యలో ఒక బల్బు కలిపింది.

"బల్బు వెలిగి మెల్లగ తగ్గాలె బాపు. తగ్గకపోతే లోపల షార్టున్నట్టే, నేరుగ పెడితే తీగ చుట్ట కాలుతది. ఇసొంటిది మళ్ల దొరకది."

పెట్టింది... బల్బు భగ్గున వెలిగింది, తగ్గలేదు. సునీత వెంటనే తీసేసి, "నీ లెక్కనే మొండిది" అని నవ్వి, ఉబ్బిపోయిన కండెన్సర్లు రెండు మార్చింది.

మళ్ళీ పెట్టింది. దీపం తగ్గాలని మేడారం తల్లులకు మొక్కుకున్నది నా బతుకులో అదొక్కసారే... తగ్గింది! పొద్దుగూకినట్టు మెల్లమెల్లగా, ఎర్రటి దారమంత అయ్యింది.

రేడియో గరగరమంది... ఎవరో మిర్చి తెగుళ్ల గురించి చెబుతున్నారు. నా కళ్ళ నిండా నీళ్ళు.

"పాటలు పెట్టాల్నా బాపు?"

"ముట్టకు బిడ్డా... పూర్తిగ చెప్పనియ్యి."

ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్ళది, ఎవరి పాట వాళ్ళ చెవుల్లోనే. ఎవరినీ అడగక్కర్లేదు, మంచిదే... కానీ ఇల్లంతా ఒకే పాట విన్న ఆ మధ్యాహ్నాలు ఎటు పోయాయో! మీ ఇంట్లో రేడియో మీట ఎవరి చేతిలో ఉండేది? జర చెప్పండి, వింటాను...