అమ్మకు లేని అక్క

మా అమ్మకు రెండు పేర్లు. పుట్టినప్పుడు తాత పెట్టింది ఒకటి, బాప్తిస్మం రోజు పాస్టరు గారు పెట్టింది ఒకటి. జూలూరుపాడు దాటాక అడవి అంచున తాత రాసిచ్చిన ఎకరన్నర చేనుంది. దాని పాస్‌బుక్కు మొదటి పేరు మీద ఉంది. ఆధార్ మాత్రం రెండో పేరు మీద ఉంది. ఎందుకంటే ఆధార్ వాళ్ళు మా ఊరికి వచ్చింది ఆదివారం, మిషను పెట్టింది చర్చి వరండాలో. ఆరాధన ముగించుకొని తెల్లచీరలతో బయటికొచ్చిన ఆడవాళ్ళంతా అటే వరుసలో నిలబడి, దేవుడి ముందు చెప్పుకునే పేరే చెప్పారు. మిగతావాళ్ళు కాగితాలేవీ పెద్దగా అడగని ఆ రోజుల్లోనే మార్పించుకున్నారు. అమ్మ మాత్రం, "రెండూ నేనే గదరా, ఎవరన్నా కాదంటరా?" అంది. బ్యాంకు ఖాతా కూడా ఆధార్ పేరుతోనే తెరిచింది.

లాక్‌డౌన్‌లో మిర్చి కొనేవాడు లేడు. కల్లంలో కాయ టార్పాలిన్ కింద రంగు మారుతుంటే, అమ్మ పొద్దునోసారి, సాయంత్రమోసారి ఎత్తి చూసి మళ్ళీ కప్పేసేది. అంతలో రైతులకు సర్కారు కరోనా సాయం పడిందని ఊరంతా ఫోన్లు మోగాయి. మా ఫోను మోగలేదు. తొలకరికి పత్తి విత్తనాలు కొనాలంటే ఆ డబ్బే దిక్కు. లేదంటే చేను కౌలుకివ్వాల్సిందే. అమ్మ ఒక్క పంటకు కూడా చేను పరాయి చేతిలో పెట్టి ఎరగదు.

నేనేమో ఉద్యోగం వచ్చీ రానివాణ్ణి. పరీక్ష పాసయ్యాను, సర్టిఫికెట్ల పరిశీలన లాక్‌డౌన్‌తో ఆగిపోయింది. నా కుల సర్టిఫికెట్‌లో మతం దగ్గర హిందూ అని ఉంది. మా పేటలో చాలామందిది అంతే. క్రైస్తవులమని కాగితం మీద తేలితే ఎస్సీ కోటా పోయి బీసీలో పడతాం, ఉద్యోగం పోతుంది. ఇది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

సడలింపు ఇచ్చిన పూట అమ్మను బండి మీద మండలాఫీసుకు తీసుకెళ్ళాను. అక్కడి గుమస్తా మంచివాడు. అదే వచ్చిన చిక్కు.

"పాస్‌బుక్కుల ఒక పేరు, బ్యాంకుల ఒక పేరు ఉందమ్మా. రెండు నువ్వేనా?" అన్నాడు. అమ్మ నోరు తెరిచేలోపే దారి కూడా తనే చూపించాడు. "బాప్తిస్మానికి మార్చుకున్నవా ఏంది? గట్లయితే పాస్టరు దగ్గర రెండు ముక్కలు రాయించుకొని రా. ఫైల్ల పెట్టి పైకి పంపుత. జల్దీనే పడతయి."

పాస్టరు రాసింది ఫైలుకెక్కితే, అమ్మ క్రైస్తవురాలని సర్కారు కాగితం మీదే తేలుతుంది. అమ్మ "అవ్" అనబోతోంది. నేను వెనకనుంచి ఆమె మోచెయ్యి నొక్కాను. గట్టిగానే నొక్కాను.

అమ్మ తిరిగి చూసింది. మాస్కు పైన కళ్ళే కనిపించాయి. అబద్ధమాడితే నాలుక మీద వాత పెడతానని నన్ను పెంచిన మనిషి ఆమె.

"కాదు సారూ. గామె మా అక్క. నేను వేరే," అంది.

"మరి ఆమెనే రమ్మనమ్మా. నీకెట్ల పడతయి?" అంటూ అతను పాస్‌బుక్కు వెనక్కిచ్చాడు.

ఆ ఏడు చేను కౌలుకిచ్చాం. పత్తి ఏరే రోజుల్లో అమ్మ అదే చేనికి కూలికి వెళ్ళింది. నాకు ఉద్యోగం వచ్చింది. పేరు మార్పిద్దామంటే ఇప్పుడు పాస్టరు రాసిచ్చే ఆ ఉత్తరమే కావాలి, అందుకే ఇప్పటికీ మార్పించలేదు. సాయం వచ్చినప్పుడల్లా అది లేని పెద్దమ్మ కోసం ఎదురుచూస్తూ ఆగిపోతుంది.

చర్చి తెరిచాక నా ఉద్యోగానికి కృతజ్ఞత ప్రార్థన పెట్టించింది అమ్మే. ఆ రోజే ప్రభు బల్ల, నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. తప్పు చేశామనుకున్నవాళ్ళు మా దగ్గర బల్లలో చెయ్యి వెయ్యరు, లేచి పక్కన నిలబడతారు. అమ్మ లేచి కిటికీ దగ్గర నిలబడింది. పళ్ళెం నా ముందుకొచ్చింది. ప్రార్థన పెట్టించిందే నా కోసం, నేను తీసుకోకపోతే ఎందుకని అడుగుతారు. నేను గ్లాసు తీసుకున్నాను.

ఇప్పటికీ ప్రతి నెలా మొదటి ఆదివారం ఆమె లేచి నిలబడుతుంది. నేను కూర్చునే తాగుతాను.