హగరిలో ఆ గీత నాదే

నా పేరు ఓబులమ్మ. వయసు డెబ్బై దాటింది, పైన ఎన్నో లెక్క లేదు. బెళుగుప్ప అవతల హగరి ఏటి గడ్డ మీద మా పల్లె. ఇంట్లో నేను, కొడుకు, కోడలు, పద్నాలుగు గొర్రెలు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే గుత్తి అమ్మాయి రాస్తోంది.

పోయిన అమావాస్య మరునాడు, గొర్రెలను తోలబోతుంటే, మా మేనకోడలు బెంగుళూరు ఆసుపత్రిలో పోయిందని కబురు వచ్చింది. నేను చూసి వచ్చి నాలుగు రోజులే. మా అన్న కూతురు. నలభై నిండలేదు. రొమ్ములో గడ్డ. రాళ్ళల్లో, ఇసుకలో జీపు తోలే పందేల్లో మా సీమ నుంచి దిగిన మొదటి ఆడది ఆమే.

సంతాపసభ పెట్టారు. పెద్దమనిషి ఒకాయన మైకు పట్టుకుని, బాగానే తోలేది కానీ హగరిలో పెద్ద పందెం రోజు చెయ్యి తడబడింది, ఎంతైనా ఆడమనిషి కదా అన్నాడు. నేను వెనక చాప మీద ఉన్నాను. ఎవరికైనా ఎదురు చెప్పేదాన్ని, ఆ రోజు లేవలేకపోయాను. ఆయన మాట తప్పు. అది చెప్పడానికే ఇది రాయిస్తున్నాను.

మా అన్నకు బెళుగుప్ప, కళ్యాణదుర్గం మధ్య మనుషులను ఎక్కించుకుని తిరిగే జీపు ఉండేది. ఆయనకు కంట్లో పొర వచ్చాక స్టీరింగు ఆమె పట్టింది. మొదటి రోజు ఒక్కరూ ఎక్కలేదు. టీ అంగడి దగ్గర ఒకడు, “ఏమప్పా, గాజుల చేతుల్లో పానం పెట్టల్నా?” అని నవ్వాడు. నేను ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను. “నిన్ను కనింది మీసాలోడేమిరా? నడిచే రా, కొవ్వు కరుగుతాది” అన్నాను. సాయంత్రానికి వాడే వెనక కమ్మీ పట్టుకుని వేలాడుతూ వచ్చాడు.

మా మేనకోడలి జేబులో ఎప్పుడూ వేయించిన శనక్కాయలు. జీపు నిండా తొక్కలు. కొత్త నేల కనపడితే చెప్పులు విడిచి దిగి, మడమతో నొక్కి చూసేది. “నేల అబద్ధం చెప్పదత్తా. అడిగేది మనకు రావల్ల” అనేది.

పందెం దారిని ముందే నడిచి చూసి పుస్తకంలో రాసుకుంటారు. తోలేటప్పుడు పక్క సీట్లో ఒకరు అది చదువుతూ చెబుతారు. మా మేనకోడలికి పక్క సీటు ఈ గుత్తి అమ్మాయే. నాకు చదువు రాదని మేనకోడలు నా కోసం గుర్తులు పెట్టింది. రాళ్ళకు తుమ్మముల్లు, జారే ఇసుకకు మూడు చుక్కలు, గట్టి నేలకు గొర్రె డెక్క. మా చుట్టుపక్కల దారులన్నిటికీ గీతలు, గుర్తులు నా చేతే వేయించింది.

పెద్ద పందెం హగరి మీదుగా వచ్చేనాటికి కరువు మొదలై మూడో సంవత్సరం. అది గెలిస్తే కొత్త బండి ఇచ్చి రాజస్థాన్ ఎడారి పందేనికి పంపిస్తామని ఒక కంపెనీ ఆయన మాటిచ్చాడు. పల్లెలో బోర్లు ఎండిపోయాయి. నేను ఏటి నడుమ ఎవరికీ తెలియకుండా చెలమ తవ్వుకున్నాను. నీళ్ళు తోడుకున్నాక పైన కందికంప పరిచి, పాత తట్ట బోర్లించి, ఇసుక కప్పేదాన్ని.

పందేనికి మూడు రోజుల ముందు నేను, మేనకోడలు, గుత్తి అమ్మాయి ఏరు నడిచాం. పుస్తకంలో గీత గీశాను. “ఈ గీత పొడుగునా ఏమీ లేదు కదత్తా?” అని అడిగింది. మా పల్లె ఆడవాళ్ళు ఇద్దరు బిందెలతో పక్కనే నిలబడి ఉన్నారు. చెలమ ఉందంటే తెల్లారేసరికి ముప్పై బిందెలు వస్తాయి. “నా గొర్రెలు దినమూ పోతాండాయి, నీ బండి పోదా?” అన్నాను. డెక్కలు వేశాను. ఇంటికి పోయాక చెవిలో చెబుదామనుకున్నాను. ఏటి నుంచే వాళ్ళు అనంతపురం వెళ్ళిపోయారు. అంత పెద్ద ఏట్లో చక్రం సరిగ్గా అక్కడే పడుతుందా అని నాకు నేను చెప్పుకున్నాను.

అక్కడే పడింది. అందరికంటే ముందు వస్తున్న ఆమె బండి, గీత మీదే వస్తున్న బండి, ముందు చక్రం దిగి ఇరుసు దాకా కూరుకుపోయింది. చుట్టూ నీళ్ళు ఊరాయి. వెనక వాళ్ళు పక్కనుంచి దాటిపోయారు. నేను గడ్డ మీద గొర్రెల మధ్య నిలబడి చూశాను. ఆమె వంగి తట్ట తీసింది. దానికి కట్టిన గుడ్డ ఆమె చిన్నప్పటి పరికిణీ అంచు. ఒకసారి గడ్డ వైపు చూసింది. పందెం వాళ్ళు వచ్చి అడిగితే, నా చెయ్యి పక్కకు పోయింది సార్ అని చెప్పింది. నీళ్ళు కనపడితే ఆడదానికి బిందె గుర్తొచ్చిందని మగవాళ్ళు ఎన్నాళ్ళు నవ్వారో.

ఆ సాయంత్రం పల్లె పల్లెంతా బిందెలతో వచ్చింది. ఆ చెలమ ఎవరిదో తెలియనట్టు నేనూ వరసలో నిలబడ్డాను. ఆమె నా పక్కకు వచ్చి, “నీ నీళ్ళు తియ్యగుండాయత్తా” అంది. అంతే. ఆ మాటలో కోపం ఎక్కడుందా అని ఇప్పటికీ వెతుకుతాను.

కంపెనీ ఆయన మళ్ళీ రాలేదు. ఆమె వాళ్ళ నాయన జీపుతోనే చిన్న పందేలు తోలుకుంది.

ఆ చెలమ సంగతి చెప్పడానికే ఆసుపత్రికి పోయాను. నీళ్ళు తాపకూడదన్నారు, తడిగుడ్డతో పెదాలు తుడవడమే. నేను నోరు తెరిచేలోపు ఆమే, “గొర్రెలకు నీళ్ళుండాయా అత్తా?” అంది. ఉండాయన్నాను. కళ్ళు మూసుకుంది. చెప్పకుండానే బస్సెక్కాను.

ఇక్కడ గుత్తి అమ్మాయి కలం ఆపింది. ఆ రోజు మలుపు తాను ఆలస్యంగా చెప్పడం వల్లే బండి గీత తప్పిందేమోనని ఇన్నేళ్ళు కుమిలిందట. “నాకన్నా చెప్పింటే ఏమవ్వా?” అంది.

“తిట్టు. తిట్టి రాయి” అన్నాను.

మళ్ళీ కలం పట్టి రాసింది.

మైకు పట్టుకున్నాయన ఇది చదువుతాడో లేదో. చదివినా పోయినది రాదు, పోయిన పందెమూ రాదు. నేల అబద్ధం చెప్పలేదు, నేను చెప్పాను. ఆమె గీత తప్పలేదు.

వేలిముద్ర ఈ కాగితం అడుగున వద్దన్నాను. ఆమె పుస్తకం తెప్పించి హగరి పేజీ తీయించాను. నా గీత, దాని మీద నా డెక్కలు అలాగే ఉన్నాయి. నడుమ, చెలమ ఉన్న చోట ఖాళీ. బొటనవేలు అక్కడ పెట్టాను. సిరా ఎక్కువైంది. గుండ్రంగా పడి, అంచుల్లో ఇంకా ఊరుతోంది.

ఓబులమ్మ వేలిముద్ర, హగరి పేజీలో.

సాక్షులు:
రమాదేవి, గుత్తి. పక్క సీట్లో దారి చదివినది, ఇది రాసినది.
లింగమ్మ, మా పల్లె. ఆ రోజు ఏట్లో బిందెతో పక్కన నిలబడినది. వేలిముద్ర.