పిన్ని రాసిన ప్రళయం

మొన్న ఆదివారం రాజమండ్రిలో ఒక సాహిత్య సభకు వెళ్ళాను. వేదిక మీది పెద్దమనిషి ప్రళయం గురించిన నవలలను దులిపేస్తూ, "ఊళ్ళూ నీళ్ళూ వర్ణించడమేనండీ, ఒక్క పాత్రకూ ప్రాణముండదు" అన్నారు. హాలంతా చప్పట్లు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. పదిహేనేళ్ళ కిందట ఇదే మాట మా పిన్ని మొహం మీద అన్నారు.

పిన్ని కొవ్వూరులో ఆడపిల్లల బడిలో జాగ్రఫీ టీచరు. సముద్రం పైకి వచ్చేశాక మన డెల్టా ఎలా ఉంటుందో నాలుగు నోటుపుస్తకాల నిండా నవల రాసింది. ఊరికే ఊహించి రాసే మనిషి కాదు. సెలవొస్తే గొడుగు పుచ్చుకుని బస్సెక్కి, ఉప్పునీరు తగిలితే ముందు ఏ పంట పోతుందో రైతులను అడిగి వచ్చేది. ఆవిడ నవలలో అరటి ముందు పోతుంది, కొబ్బరి ఆఖరున. రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు పెట్టే చోట మంచినీళ్ళ బిందెలు వేలం వేస్తారు. పెనుగొండలో గుడి గంట పూజకు కాదు, సముద్రం పోటు వచ్చే వేళకు కొడతారు. కాలువ లాకుల తలుపులు ఎవరు ఎత్తాలో, ఎవరు దించాలో పన్నెండు పేజీలు. కథానాయకుడు లేడు, ఏడ్చే ప్రేయసి అసలే లేదు. అది చదివిన వారం రోజులూ మా ఇంట్లో కుళాయి తిప్పాలంటేనే నాకు భయం వేసింది.

రాజమండ్రిలో తెలిసిన ప్రచురణకర్త దగ్గరికి పిన్నిని నేనే తీసుకెళ్ళాను. ఆయన పేజీలు తిరగేసి, "బాగా కష్టపడ్డారమ్మా. కానీ ఇందులో మనుషులేరీ? ఒక ప్రేమజంటను పెట్టండి, వేసేద్దాం" అన్నాడు.

"మనుషుల్లేరంటారేంటండీ?" అంది పిన్ని. ఆవిడ గొంతు పెంచడం నేను విన్నది అప్పుడొక్కసారే. "బిందెడు నీళ్ళ కోసం మూడూళ్ళవాళ్ళు ఒక్క లాకు దగ్గర కొట్టుకు చస్తుంటే, వాళ్ళు మనుషులు కారాండీ? పేర్లు పెట్టి ఏడిపిస్తేనే మీకు కనిపిస్తారా?"

పుస్తకాలు సంచిలో పెట్టుకుని లేచింది. తిరుగు బస్సు గోదావరి వంతెన ఎక్కాక నేను నోరు మూసుకోకుండా, "ఒక జంటను పెడితే పోయేదేముంది పిన్నీ?" అన్నాను.

"నువ్వు కూడానా?" అని కిటికీ వైపు తిరిగింది. ఆ తర్వాత నవలలో ఒక్క అక్షరం మార్చలేదు, ఎవరికీ చూపించనూ లేదు. ఆవిడ పోయాక ఆ నాలుగు పుస్తకాలూ నా బీరువాలోకి వచ్చాయి.

మొన్న సభలో లేచి నిలబడి ఇదంతా చెప్పాను. పెద్దమనిషి నవ్వుతూ, "ఆ నవల ఎక్కడ దొరుకుతుందండీ?" అన్నారు.

"దొరకదండీ. మీలాంటివాళ్ళూ నాలాంటివాళ్ళూ కలిసి ఆపేశాం" అన్నాను. ఈసారి చప్పట్లు లేవు.

పిన్ని నవలలో రాసిన ఆ రోజులు రావడానికి ఇంకా ఎన్నేళ్ళు పడుతుందో నాకు తెలియదు. ఆవిడ పక్కన కూర్చుని వినడానికి నాకు దొరికిన ఏళ్ళు మాత్రం అయిపోయాయి.